ముందు వాళ్ళకు చూపించాలి

ఆమె పోయిన సంగతి నాకు మా సినిమాలోని నాగమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున పదకొండు కావస్తోంది. ప్రొద్దుటూరులో ఒక కల్యాణమండపంలో పెళ్ళి షూటింగులో ఉన్నాను. తలంబ్రాలు అప్పుడే మొదలయ్యాయి. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, కెమెరా మీదినుంచి కన్ను తియ్యకుండానే విన్నాను.

"మేడం పోయినాదంటప్పా. కడపలో. వాల్ల చెల్లెలు ఇప్పుడే ఫోన్ చేసె."

"ఎప్పుడక్కా?"

"తెల్లార్తో. నీకు చెప్పినారో లేదో అని చేస్తాండా."

నాకెవరూ చెప్పలేదు. సరే వస్తానన్నాను. తలంబ్రాలు ముగిసేదాకా తీసి, మిగతా పని నా భాగస్తుడికి అప్పజెప్పి బయలుదేరాను. ఆ అరగంటలో నా చెయ్యి ఒక్కసారి కూడా కదల్లేదు. తర్వాత ఆ పెళ్ళి వీడియో చూసుకుంటే ఎక్కడా తేడా కనపడలేదు.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఆమె మీద నాలుగు వాక్యాలు వచ్చాయి. పర్యావరణం మీదా జానపద కళల మీదా డాక్యుమెంటరీలు తీసిన మహిళ అనీ, దేశవిదేశాల్లో ప్రదర్శించారనీ. వయసు తప్పు వేశారు. పుట్టిన ఊరూ తప్పే. ఆమె చూసి ఉంటే ఆ కాగితాన్ని ఒళ్ళో పరుచుకుని అందులో వేరుశనక్కాయల పొట్టు వేసుకునేది.

పదకొండేళ్ళు ఆమెకు కెమెరా పట్టాను. అయినా ఆమె గురించి నాకు తెలిసింది తక్కువే. పెళ్ళయిందో లేదో చివరిదాకా తెలియదు. ఎడమకాలి చెప్పు ముందుగా అరుగుతుందని తెలుసు. కారులో ఏ సీట్లో కూర్చుంటే నిద్ర పట్టదో తెలుసు. నా పిల్లల పేర్లు ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండేవి కావు. ఎప్పుడో ఆళ్ళగడ్డ దగ్గర ఒక్కపూట కలిసిన హరికథ భాగవతారు మనవరాలి పేరు మాత్రం ఐదేళ్ళ తర్వాత కూడా టక్కున చెప్పేది. నాకు కాస్త కోపంగానే ఉండేది.

మొదటిసారి ఆమె నా స్టూడియోకు వచ్చింది ఎండాకాలంలో. వెంట తెచ్చుకున్న హైదరాబాదు కెమెరామన్ మూడోరోజే వడదెబ్బ తగిలి వెళ్ళిపోయాడట. నేను తీసిన పెళ్ళిళ్ళు చూపించమంది. గంటసేపు కదలకుండా చూసింది. ఒకచోట ఆపమంది. మండపం వెనక మేళగాళ్ళు డోళ్ళు పక్కన పెట్టుకుని అన్నం తింటున్నారు.

"ఇది ఎందుకు తీసినావప్పా?"

"ఊరికే మేడం. బ్యాటరీ మిగిలుండె."

"రేపు పొద్దున అయిదుకు తయారుగా ఉండు," అని లేచింది. ఉద్యోగం ఇచ్చినట్టు నాకు రెండు రోజుల దాకా అర్థం కాలేదు.

ఏ ఊరికి పోయినా మొదటి రెండు రోజులు కెమెరా బయటికి తియ్యనిచ్చేది కాదు. ఎవరింటి అరుగు మీదనో కూర్చునేది. పెట్టింది తినేది. పల్లెల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవాళ్ళు, "మీరేమోల్లమ్మా?" అని. ఆమె ఎప్పుడూ ఒకే జవాబు చెప్పేది. "మా నాయన చర్చిలో గంట కొట్టేటోడు." జమ్మలమడుగు దగ్గరి రాతి చర్చి అది. వాళ్ళ తాత కాలంనుంచీ ఆ ఇంటివాళ్ళకు గంట కొట్టే పని ఉండేది, కూలిపనితోపాటు. ఆ జవాబు విన్నవాళ్ళలో కొందరు చాప ఇంకొంచెం దగ్గరికి జరిపేవాళ్ళు. కొందరు మంచినీళ్ళ గ్లాసు మార్చేవాళ్ళు. రెండింటినీ ఆమె ఒకేలా చూసేది.

ఆమె అడిగే ప్రశ్న కూడా ఒక్కటే. "నీ సిన్నప్పుడు ఈడ ఏముండె?" అంతే. ఇంకేమీ అడగదు. ఎదుటి మనిషి ఒక గంట మాట్లాడతాడు. షాటు నడిచేటప్పుడు ఆమె కళ్ళు మూసుకునేది. చూసే పని నాకు వదిలేసి తను వింటూ కూర్చునేది. కెమెరా వస్తోందని జనం ఉతికిన చొక్కాలు తొడుక్కుని, తలకు నూనె రాసుకుని వచ్చేవాళ్ళు. వేరేవాళ్ళయితే పంచె కట్టుకోండి, పాత తలగుడ్డ చుట్టుకోండి అంటారు. ఈమె ఏమీ అనేది కాదు. ఒకసారి ఒక బుర్రకథ ఆయన చలువ కళ్ళద్దాలతో కూర్చుంటే నేనే ఉండబట్టలేక తియ్యమన్నాను. "ఆయన్ది ఆయన పెట్టుకున్నాడు, నీకేం నొప్పి?" అని నా మీదే కసిరింది.

నోరు మంచిది కాదు. మెచ్చుకోవడం అసలు తెలియదు. డ్రోన్ కొన్నానని చెబితే, "పెండ్లిండ్లకు పనికొస్తాదిలే" అంది.

నందికొట్కూరు అవతలి గడ్డి బీళ్ళలో పదకొండు పొద్దులు బట్టమేక పిట్ట కోసం కాచుకున్నాం. మూడడుగుల ఎత్తుండే పిట్ట. ఒకప్పుడు ఆ బీళ్ళ నిండా తిరిగేవట. మాకు దారి చూపించడానికి బాషా అనే ముసలాయన వచ్చేవాడు. అడవి కాపలా పనిచేసి మానుకున్న మనిషి. రోజూ చీకట్లోనే పోయి గడ్డిలో గుడ్డ పరుచుకుని పడుకునేవాళ్ళం. ఎండెక్కేది. జింకలు వచ్చేవి, కంజు పిట్టలు లేచేవి, ట్రాక్టర్లు పోయేవి. బట్టమేక రాలేదు.

పదకొండో రోజు ఆమె మోచేతుల మీద లేచి, "బాషాబ్బా, అది మీ కాలంలో ఎట్ల వస్తాండె?" అంది.

బాషా లేచి నిలబడ్డాడు. చెప్పబోయి, మాటలు చాలక, చేసి చూపించాడు. మెడ నిక్కించాడు. రొమ్ము పొంగించాడు. రెండు చేతులూ వెనక్కు పెట్టి రెక్కలు దించాడు. గడ్డి మీద ఒక్కొక్క కాలే ఎత్తి ఎత్తి వేస్తూ, అరచేతులు దొన్నెలా పట్టి నోటికి ఆనించి, దూరంగా ఎక్కడో డోలు మోగినట్టు ఒక గొంతు తీశాడు. "ఇది మగది. పెట్ట ఆడుంటాది, ఆ పొద దగ్గర. ఇది ఇంత ఆడినా అది సూడదు. మేస్తానే ఉంటాది," అని, పెట్టలా తల అటు తిప్పి గడ్డి గీరుకున్నాడు. మళ్ళీ మగదయ్యాడు. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ బీడులో పావుగంట ఆడాడు. చెప్పకుండానే నేను తీశాను. ఆమె ఆ రోజు కళ్ళు మూసుకోలేదు.

ఆ సినిమాలో పిట్ట లేదు. బాషా ఉన్నాడు, గడ్డి ఉంది. విదేశాల్లో చాలాచోట్ల చూపించారు. కానీ అందరికంటే ముందు బాషా ఇంట్లో, ట్రంకు పెట్టె మీద లాప్‌టాప్ పెట్టి, ఆయనకూ ఆయన భార్యకూ చూపించింది. ఆమె పద్ధతి అది. ఎవరి మీద తీస్తే వాళ్ళకు ముందు చూపించాలి. వద్దన్నది తీసెయ్యాలి. బాషా అంతా చూసి గడ్డం నిమురుకుంటూ, "అంతా బాగుండాది గానీ, మా ఇంటామె నన్ను తిట్టేది మాత్రం తీసెయ్యమ్మా," అన్నాడు. భార్య ఉండనీ అంది. చివరికి ఆయన మాటే నెగ్గింది. ఆ తిట్లు ఎంత బాగుండేవో నాకు తెలుసు కాబట్టి ఇప్పటికీ ఆ సినిమా చూస్తే అక్కడ గుంతలా అనిపిస్తుంది.

ఈ పద్ధతి మంచిదే అనుకున్నాను అప్పట్లో. దానివల్ల పోయేది తిట్లు మాత్రమే అనుకున్నాను.

బేతంచెర్ల వైపు ఒక ఊరు. ఆ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా నాపరాయి. ఇళ్ళలో కింద పరుచుకునే ఆ బండల్ని కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలు ఊరి చుట్టూ ఉన్నాయి. కోతనీళ్ళు వాగులోకి వదిలితే వాగు సున్నం కలిపినట్టు తెల్లగా పారుతుంది. చెట్ల ఆకుల మీద, బర్రెల వీపుల మీద, మనుషుల కనుబొమ్మల మీద తెల్లటి దుమ్ము. ఆ వాగును తీద్దామనే పోయాం. సాయంత్రం నాలుగు గంటలప్పుడు ఊళ్ళోనుంచి చెక్కల చప్పుడు వినిపించింది.

చెక్కభజన నేర్పుతున్నది ఓబులేసు. యాభై అయిదేళ్ళుంటాయి. పగలు ఫ్యాక్టరీలో కోతమిషను దగ్గర పని. పని దిగాక కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఇరవైమంది మగవాళ్ళను రెండు వరసల్లో నిలబెట్టి, నడుమ తాను తాళాలు పట్టుకుని పాడుతూ ఆడించేవాడు. వాళ్ళ చేతుల్లో గజ్జెబిళ్ళల చెక్కలు, కాళ్ళకు గజ్జెలు. గురువు పాట ఎత్తుకుంటే గుంపు అడుగు వేస్తుంది. ఆయన గొంతు మారిస్తే అడుగు మారుతుంది.

ఆమె అరుగు మీద కూర్చుని అలవాటు ప్రశ్న అడిగింది. ఓబులేసు ఆలోచించి చెప్పాడు. "వాగుండె. వాగులో సేపలుండె. నాకు గొంతుండె."

అప్పుడే గమనించాం. రాముడు అడవికి బయలుదేరే ఘట్టం పాట ఒకటి ఆయనకు ప్రాణం. దాన్ని పాడుతూ నాలుగో చరణం దగ్గర దగ్గు వచ్చి ఆగిపోయాడు. గుంపు కాళ్ళెత్తి నిలబడిపోయింది. ఆయన ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నాడు.

మూడేళ్ళు పోయాం ఆ ఊరికి. ఆమె నాచేత అదే పాటను, అదే చోట, నాలుగుసార్లు తీయించింది. రెండోసారికి మూడో చరణం దగ్గర ఆగింది. మూడోసారికి రెండో చరణం. చివరిసారి పల్లవి దాటలేదు. నాలుగూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, మధ్యమధ్య వాగునూ మిషన్లనూ పెట్టి కూర్చింది. సినిమాలో ఒక్క మాట వ్యాఖ్యానం లేదు. అవసరం లేదు. పదకొండేళ్ళలో నేను తీసిన మంచి షాట్లన్నీ అందులో ఉన్నాయి. ఐరోపాలో ఒక పెద్ద చిత్రోత్సవం వాళ్ళు చూసి ఎంపిక చేశారు. ఓబులేసు చూసి సరేనన్నాకే జనానికి చూపించాలని ఆమె వాళ్ళకు ముందే రాసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భజన మందిరం కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గోడకు దుప్పటి తగిలించి, ఓబులేసుకూ ఆయన భార్య నాగమ్మకూ చూపించాం. అయిపోయాక నాగమ్మ లేచి ఒక పట్టా విప్పింది. వెలుగు వచ్చింది.

"బాగా తీసినావమ్మా," అన్నాడు ఓబులేసు. "వాగు తీసినావు, దుమ్ము తీసినావు, ఫ్యాక్టరీ తీసినావు. అవి యాడన్నా సూపియ్యి. నాకేం భయం లేదు. పాట తెగేది మాత్రం సూపియ్యొద్దు."

"ఎందుకప్పా?"

"ముప్పై ఏండ్లు ఆడిచ్చినా. ఒక్కపొద్దు గూడా నా పాట తెగి గుంపు కాలు నిలబళ్ళేదు. ఇప్పుడు తెగతాండాది. ఊర్లో అందురికీ తెలుసు, సరే. బయటోల్లకు నేను తెగిన పాటతోనే తెలియల్లనా?"

ఆమె దుప్పటి వైపు చూసింది. తర్వాత, "సరేప్పా, తీసేస్తా," అంది.

తిరుగుదారిలో బనగానపల్లె దాటేదాకా ఓపికపట్టాను. "మేడం, సినిమా అంటే ఆ నాలుగు పాటలే గదా. అవి తీసేస్తే ఏముంటాది?"

"ఏముండదు."

"మరి?"

"మరేం లేదు. ఆయన అడిగిన దాంట్లో తప్పేముందో చెప్పు, వింటా."

నేను వెదికాను. దొరకలేదు. దొరక్కపోవడంతో ఇంకా కోపం వచ్చింది. ఆమె చిత్రోత్సవం వాళ్ళకు రాసి సినిమాను వెనక్కు తీసుకుంది. ఆ నాలుగు షాట్లూ తీసేసి పంపండి చాలన్నారట వాళ్ళు. పంపడానికేమీ మిగలదని మళ్ళీ రాసింది. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు.

నా దగ్గర ఒక కాపీ ఉండిపోయింది.

ఏడాది తర్వాత, కాలేజీలో నాతో చదివి టీవీ విలేకరి అయినవాడొకడు స్టూడియోకు వచ్చాడు. నాపరాయి ఫ్యాక్టరీల మీద కథనం చేస్తున్నాడట. "మనిషి మొహం కావాల. నీ దగ్గరుంటే ఒక్క నిమిషం ఇయ్యప్పా," అన్నాడు. ఇచ్చాను. దానివల్ల కార్మికులకు మేలు జరుగుతుందనుకున్నానని చెప్పుకోవచ్చు. కొంత నిజమే. మిగతాది, నేను తీసిన షాట్లు డ్రాయరులో మగ్గిపోవడం నాకు మింగుడు పడలేదు. 

ఆ చానల్ వాళ్ళు ఓబులేసు దగ్గును రోజంతా వేశారు. ఆయన మొహం చుట్టూ ఎర్రటి సున్నా చుట్టారు. కింద దడదడమనే సంగీతం. నాలుగు రోజులు అధికారులు తిరిగారు, ఫ్యాక్టరీ మూసి ఉంచారు. ఐదోరోజు తెరిచారు. అందరూ పనిలోకి పోయారు. ఓబులేసును మాత్రం రావద్దన్నారు. నాలుగు రోజులు పని పోయిన కోపంలో గుంపులో మగవాళ్ళు భజనకు రావడం మానేశారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ ఊళ్ళో సాయంత్రం చెక్కల చప్పుడు లేకుండా పోయింది.

ఆమె నా స్టూడియోకు వచ్చి, పెళ్ళివాళ్ళు కూర్చునే సోఫాలో కూర్చుంది.

"నువ్వే గదా?"

"అవును మేడం."

"దగ్గుండేదే ఇచ్చినావు?"

"అదే అడిగినారు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "బండి తీ, పోదాం," అంది. రెండు గంటల్లో ఓబులేసు ఇంటి ముందు దిగాం.

నాగమ్మ గడపలో నిలబడింది. దారి ఇవ్వలేదు. మేడం వైపే చూస్తూ, "సూపియ్యనని చెప్పి పోయింటివి గదమ్మా," అంది. నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు మేడం నా పేరు చెబుతుందని ఎదురు చూశాను. అప్పుడు తల దించుకుందామని సిద్ధపడ్డాను కూడా. ఆమె చెప్పలేదు.

"తప్పు జరిగినాది నాగమ్మక్కా. సినిమా నాది," అంది.

లోపల మంచం మీద ఓబులేసు అటు తిరిగి పడుకున్నాడు. అటే ఉన్నాడు.

నేను ఏమీ మాట్లాడలేదు. నోరు తెరవడానికి చాలినంత సమయం ఉండింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఆ సంగతి ఎత్తలేదు. నన్నెత్తిపొడవలేదు. బనగానపల్లె దగ్గర బండి ఆపించి టీ తాగింది, నాకూ ఇప్పించింది.

ఆ తర్వాత ఆమె నన్ను పిలవడం మానేసి బస్సులో ఒక్కతే పోయి వచ్చేదని తెలిసింది. రెండోసారి నాగమ్మ లోపలికి రానిచ్చిందట. ఓబులేసును కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయి చూపించిందట. ఆయన వెంట నడిచాడే గానీ మాట్లాడలేదట. ఇవన్నీ వాళ్ళ నోటా వీళ్ళ నోటా విన్నాను. మూడో నెలలో ఒక పొద్దున, పెళ్ళి పని ఒకటి వదులుకుని, నేనే బేతంచెర్ల బస్సెక్కాను.

నాగమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నిలబడే చెప్పాను. ఇచ్చింది నేననీ, మేడానికి తెలియదనీ.

చేట ఆపకుండానే అంది. "తెలుసులేప్పా. ఆ పొద్దే నీ మొగం సూసినా."

"మరి ఆమెను గడప దాటనీయలేదే?"

"నువ్వు చేసింది ఆయమ్మ చెప్తే అది వేరే మాట. నువ్వు చెప్పల్ల గదా."

లోపలినుంచి ఓబులేసు పిలిచాడు. మంచం పట్టె మీద కూర్చోమన్నాడు. చాలాసేపు ఊపిరి కూడదీసుకుని అడిగాడు. "నా మొగం సుట్టూ ఆ ఎర్ర సున్నా ఎందుకేసినారప్పా?"

"అది నేను వెయ్యలేదు."

"నువ్వు ఇచ్చినావు."

"ఇచ్చినా."

తల ఊపాడు. అంతకు మించి ఆయన నన్ను ఏమీ అనలేదు. అన్నం తినిపొమ్మన్నాడు. తిన్నాను.

ఆ సాయంత్రమే ఇంకో సంగతి చూశాను. మగవాళ్ళు రాకపోయేసరికి, అటక మీద పడి ఉన్న చెక్కలు తీసి నాగమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పోగేసింది. పన్నెండు మంది. పొలంపనికి పోయి వచ్చి, కొంగులు బిగించి రెండు వరసల్లో నిలబడ్డారు. ఓబులేసు మంచం బయట వేయించుకుని కూర్చుని, చేత్తో తొడ మీద తాళం వేస్తూ అడుగులు చెబుతున్నాడు. ఆ పాట ఆయనే ఎత్తుకున్నాడు. పల్లవి చివర గొంతు సన్నబడుతుండగానే నాగమ్మ అందుకుంది. ఎక్కడ ఆయన ఆగాడో, ఎక్కడ ఆమె మొదలుపెట్టిందో తెలియలేదు. పన్నెండుమంది కాళ్ళలో ఒక్క కాలూ నిలబడలేదు. ముప్పై ఏళ్ళు పక్కనుండి విన్న పాట నాగమ్మకు నోటికి వచ్చని ఊళ్ళో ఎవరికీ తెలియదట. ఓబులేసుకూ తెలియదట.

మేడానికి ఫోన్ చేసి చెప్పాను. "నీ కెమెరా యాడుంది?" అంది.

"ప్రొద్దుటూరులో."

"ఎల్లుండి తీసుకొని రా. నేను వస్తా."

నన్ను క్షమించానని గానీ, లేదని గానీ ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. రెండేళ్ళు తీశాం. ఆ రెండేళ్ళలోనే ఆమె సన్నబడుతూ వచ్చింది. బండిలో ఎక్కువసేపు కూర్చోలేకపోయేది. జబ్బేమిటో నాకు చెప్పలేదు. కడపలో చెల్లెలి ఇంట్లో ఒక గదిలో కంప్యూటరు పెట్టుకుని కూర్పు చేస్తూ ఉండేది. చివరిసారి నేను వెళ్ళినప్పుడు దిండ్లకు ఆనుకుని, ఒకే షాటును ముందుకూ వెనక్కూ తిప్పుతోంది. "ఈడ నువ్వు ఒక్క క్షణం ముందే కట్ చేసినావు. తొందర," అంది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

జమ్మలమడుగు దగ్గరి వాళ్ళ ఊళ్ళో, చర్చి వెనక సమాధి చేశారు. నాగమ్మ ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో మైదుకూరు మీదుగా బస్సులు మారి వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చదువుతుంటే కొంగు తల మీదికి లాక్కుని, అందరూ కళ్ళు మూసుకుంటే తనూ మూసుకుంది. మట్టి వేసి, చేతులు దులుపుకుని, నన్ను పక్కకు పిలిచింది.

"సినిమా ఎంతవరకు వచ్చినాదప్పా?"

"ఇంగ కొంచెం ఉంది."

"ఎవురు చేస్తారు?"

ఎవరూ లేరు. చెల్లెలు నా చేతికి హార్డ్ డిస్కు ఇచ్చింది, ఆమె చేతిరాత ఉన్న నాలుగు కాగితాలతో సహా. చివరి ఆరు నిమిషాలు నేను కూర్చాను. ఆమె రాసినట్టే చేశాను. రాయనిచోట నా తెలివితేటలు చూపించకుండా ఉండడానికి ప్రయత్నించాను. అది కష్టమైన పని.

పోయిన నెల పట్టుకుపోయాను. ఓబులేసు ఇప్పుడు మంచం దిగడు. పక్కన ఆక్సిజన్ మిషను పెట్టారు. మందిరానికి రాలేడు కాబట్టి ఇంట్లోనే గోడకు చీర కట్టి వేశాం. నాగమ్మ ఆయన తల కింద ఇంకో దిండు పెట్టి, మంచం కోడుకు ఆనుకుని కింద కూర్చుంది. మొదటినుంచి చివరిదాకా ఆయన కదల్లేదు. నేను సినిమా చూడలేదు, ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. అయిపోయాక అడగాల్సింది అడిగాను.

"ఏమన్నా తీసెయ్యల్లనా?"

ఆయన మిషను గొట్టం సర్దుకున్నాడు. "మూడో చరణం అడుగులో ఒకామె తప్పు ఏసినాది," అన్నాడు. కాసేపాగి, "ఉండనీలే. నేర్చుకుంటాండాది," అన్నాడు.

"మరి బయట సూపియ్యొచ్చునా?"

"సూపియ్యి."

నేను వైర్లు చుట్టుకుంటున్నాను. నాగమ్మ ఇంకా చీర వైపే చూస్తోంది.

"ఆయమ్మ యాడా కనపడలేదే," అంది.

"ఆమె ఎప్పుడూ కనపడదక్కా. కెమెరా పక్కన కూర్చుంటాది గదా."

"అదే. ఈయన మంచం మీద కూర్చోని అడుగులు చెప్తాంటాడు సూడు. ఆడోల్లను సూడకుండా మాటిమాటికీ ఒకపక్కకు సూస్తాండాడు."

తీసేటప్పుడు నాకు అది కనిపించింది. ఆయన చూపు పక్కకు పోతోందని ఆ రోజుల్లో విసుక్కున్నాను కూడా.

ఓబులేసు గొట్టం పక్కకు జరిపి చెప్పాడు. "అడుగు కుదిరినాదా లేదా అని ఆయమ్మను అడుగుతాంటినప్పా. నోటితో అడగను. ఆమె తల ఊపుతాండె."

వాకిట్లోకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి చెక్కలు అరుగు మీద పెట్టి, ఇంకా రాని వాళ్ళ కోసం చూస్తూ నిలబడ్డారు. నాగమ్మ వాళ్ళను ఉండమని చెయ్యి చూపించింది.

"ఆ ముక్క మళ్ళొక తూరి ఎయ్యప్పా," అంది.

చుట్టిన వైరు విప్పి, మళ్ళీ వేశాను.